కృష్ణ పదార్థం మీద ఒక్క పేజీ

22-6-2025, ఆదివారం

ఐదు శాతమట. ఈ విశ్వంలో మనకి తెలిసిన సరుకంతా కలిపితే ఐదు శాతమట. నెల్లిమర్ల, విజయనగరం, సూర్యుడు, చంద్రుడు, మా కాలేజీ ప్రిన్సిపాలు, అన్నీ ఆ ఐదులోనే. మిగతా తొంభై ఐదూ ఏటో ఈ సైంటిస్టులకి తెలీదు. తెలీదని చెప్పీసి ఊరుకుంటే మర్యాదగా ఉండేది. పేర్లు కూడా పెట్టీసారు. డార్క్ మేటర్ అని ఒకటి, డార్క్ ఎనర్జీ అని ఇంకొకటి. నా దగ్గర చదివే ఇంటర్ వెధవ ఎవడైనా ఐదు మార్కులకి రాసి, మిగతా తొంభై ఐదూ కనపడని ఇంకుతో రాసానండీ అంటే వాడి చెవి నా చేతిలో ఉండీది.

ముప్పై ఒక్క ఏళ్లయింది నేను ఫిజిక్స్ చెప్పడం మొదలెట్టి. బల్ల మీద పెట్టి చూపించలేని ముక్క నా ఫిజిక్స్‌లో లేదు. స్ప్రింగు ఉంటాది, లాగితే సాగుతాది, వదిలీస్తే వెనక్కొస్తాది. వీళ్ల ఫిజిక్స్‌లో మనకి తెలిసిన పొడుగూ వెడల్పూ ఎత్తూ కాలమూ కాక ఇంకో ఏడు కొలతలుంటాయట. ఎక్కడయ్యా అంటే, చుట్టుకుపోయి ఉన్నాయి, కనపడనంత చిన్నవి అంటారు. లెక్క కుదరకపోతే ఇంకో విశ్వం పుట్టించీడమే. ఆ విశ్వంలో నాలాగే ఇంకో సీమోను ఉంటాడు, వాడికి నెత్తి మీద జుట్టుంటాది. సైన్స్ ఫిక్షన్ అని అట్ట మీద వేసి అమ్మితే నేనే ఒకటి కొనుక్కుని చదువుకుంటాను. సైన్స్ అని అమ్మితే ఒప్పుకునేదెలాగ?

ఇంత కోపం ఇయ్యాల ఎందుకొచ్చిందంటే, మా గ్లోరీకి నిన్న రెండు కాగితాలొచ్చాయి. ఒకటి కోటబొమ్మాళిలో గవర్నమెంటు జూనియర్ కాలేజీ, ఫిజిక్స్ లెక్చరర్, పర్మినెంటు. ప్రైవేటు కాలేజీలో ఇన్నేళ్లు అరిచినా నాకు రానిది నా కూతురికి ఇరవై నాలుగో ఏటే వచ్చీసింది. రెండోది జార్ఖండ్‌లో ఒక గని అడుగున ప్రయోగశాల. పైనుంచి వచ్చే కిరణాలు తగలకుండా భూమి లోపల పరికరం పెట్టి, డార్క్ మేటర్ రేణువు వచ్చి దాన్ని ఎప్పుడు తగులుతాదా అని కాసుకుని కూకోవాలి. దానికి పీహెచ్‌డీ. ఆరేళ్లు. ప్రపంచమంతా ముప్పై ఏళ్ల పైబడి ఇలాగే గనుల్లో కూకున్నారు, ఒక్క రేణువూ దొరకలేదు.

రెండింట్లో ఏదో ఒకచోట వచ్చే నెల ఇరవై ఒకటో తారీకు లోగా జాయినవ్వాలి. గ్లోరీ గనికే వెళ్తానంటాది.

"అబద్ధాన్ని కాపలా కాయడానికి ఎమ్మెస్సీ చదివావేటే?" అన్నాను.

అది అరవలేదు. మా ఆవిడ కాంతం పోలికొస్తే అరిచీసీది. నా పోలిక. మెల్లిగా అంది: "సరే నాన్నా. అబద్ధమని ఒక్క పేజీలో రాసివ్వు. కోపం కాదు, కారణాలు. నువ్వు రాయగలిగితే కోటబొమ్మాళిలో జాయినైపోతాను. మాటంటే మాటే."

ఒక్క పేజీ ఏటి, పది రాస్తాను.

24-6-2025, మంగళవారం

కాలేజీ నుంచి వచ్చి టీ తాగి కూకున్నాను. గంటలో అయిపోయింది. ఎంత తేలికో.

బుధగ్రహం నడక పాత లెక్కకి ఒక పిసరు తేడా వచ్చీది. సూర్యుడికి దగ్గర్లో ఇంకో గ్రహం ఉండి దీన్ని లాగుతోంది అన్నారు. వల్కన్ అని పేరు కూడా పెట్టీసారు. మేం చూసాం అన్న పెద్దమనుషులు కూడా బయల్దేరారు. యాభై ఏళ్లు వెతికారు. గ్రహమూ లేదు, ఏటీ లేదు. తప్పు గురుత్వాకర్షణ లెక్కలోనే ఉంది, ఆ తరవాత సరిచేసారు. డార్క్ మేటరూ అంతే. లెక్క కుదరక కట్టిన కథ.

పేజీలో ముప్పాతికకే అయిపోయింది. కింద గీత కూడా గీసాను.

గ్లోరీ చదివింది. "బాగుంది నాన్నా, చాలా బాగుంది. మరి నెప్ట్యూనో?" అంది.

యురేనస్ నడక కూడా తేడాగానే ఉండీది. బయట ఇంకో గ్రహం ఉందని లెక్కగట్టి, ఫలానా చోట చూడండి అంటే, చూసారు, ఉంది. "రెండూ చెప్పినాయన ఒకడే కదా నాన్నా. అదే బుర్ర, అదే లెక్క. ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు. వెతక్కముందే ఏది ఏదో నువ్వు చెప్పగలవా?"

పేజీ చింపీసాను. చింపడానికి దాని జవాబు కారణం కాదు, చేతిరాత బాగోలేదు.

25-6-2025, బుధవారం

నెప్ట్యూన్ సంగతి వేరు.

28-6-2025, శనివారం

కాంతానికి ఈ ఊసు తెలిసిపోయింది. కొత్తపేట ఆస్పత్రిలో నర్సుగా ఇరవై రెండేళ్లు సూదులు పొడిచిన మనిషి, ఎక్కడ పొడవాలో బాగా తెలుసు.

"ఆదివారమంతా చర్చిలో కూకుని కనపడనాయనకి పాటలు పాడతావు. సోమవారం లేచి కనపడనిది లేనే లేదంటావు. ఏటయ్యా నీ తీరు?"

"కనపడకుండా నమ్మడానికి నాకు ఒకరున్నారు. ఇంకొకటి అక్కర్లేదు" అన్నాను.

మంచి జవాబే. కాంతం వంటింట్లోకి వెళ్లిపోయింది. తిరిగి వాదించనందుకు రోజంతా గుర్రుగా ఉంది నాకు.

2-7-2025, బుధవారం

ఇయ్యాల స్టాఫ్‌రూమ్‌లో మంచి ఆలోచన తట్టింది. ఇంగ్లీషులో ఏ బొంకైనా గొప్పగా వినపడుతుంది. తెలుగులో పెట్టి చూస్తే దాని బండారం బయటపడిపోతాది. నిజమైన ఫిజిక్స్ తెలుగులో హాయిగా కూకుంటాది. బరువు, వేగం, తాకిడి, ఒత్తిడి, ఎంత చక్కగా ఉన్నాయి! డార్క్ మేటర్ అంటే ఏటని తెలుగు లెక్చరర్ గణపతిరావుని అడిగాను.

"కృష్ణ పదార్థం" అన్నాడు, టిఫిన్ బాక్సులోంచి తలెత్తకుండానే.

"చీకటి పదార్థం అనొచ్చు కదా?"

"చీకటేటి మాస్టారూ, ఎవరింట్లోనో కరెంటు పోయినట్టుంటాది. కృష్ణ అంటే నలుపు. కృష్ణపక్షం లేదేటి? కృష్ణబిలం అని మీ పుస్తకాల్లోనే లేదేటి? కృష్ణ పదార్థమే ఖాయం చెయ్యండి."

కృష్ణ పదార్థం. నోట్లో వేసుకుంటే బాగుంది గానీ అర్థం తిన్నగా లేదు. అదీ నాక్కావలసింది. దీంతోనే పేజీ మొదలెడతాను.

5-7-2025, శనివారం

పేజీ మొదలెట్టలేదు. చీటీ రాయాల్సొచ్చింది.

మా చర్చిలో ఎవరింట్లో ఏ కష్టమున్నా, ఏ నిర్ణయం తేలకపోయినా, ప్రార్థన మనవి అని చీటీ రాసిస్తారు. ఆదివారం ఆరాధనలో చదువుతారు, అందరూ ప్రార్థన చేస్తారు. గ్లోరీ గురించి చీటీ రాసివ్వమని కాంతం నా మెడ మీద కూకుంది. రాసాను. పనిలో పనిగా తెలుగులోనే రాసాను, ఇంగ్లీషు ముక్క ఒక్కటి లేకుండా. నలుగురూ విని, ఇదెక్కడి చదువర్రా అనుకుంటే అనుకుంటారు. నాకు పేజీ రాసే శ్రమ తప్పుతాది.

6-7-2025, ఆదివారం

ఓరి నాయనో.

చీటీ చదివేది సంఘం కార్యదర్శి ఎజ్రా గారు. జూట్ మిల్లు గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, గొంతు సైరన్. అద్దాలు పెట్టుకుని చదివారు: "సహోదరుడు సీమోను గారి కుమార్తె గ్లోరీ కృష్ణ పదార్థం కోసం ఉద్యోగం మానుకుని జార్ఖండ్ వెళ్లదలచినది. సరియైన మార్గం కొరకు ప్రార్థించగలరు."

బెంచీల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి.

నాకప్పుడు వెలిగింది. మా వైపు పదార్థం అంటే తినేదే. పెళ్లిలో ఎన్ని పదార్థాలు పెట్టారని అడుగుతారు. వెనకబెంచీలో ఒకావిడ పక్కావిణ్ణి "పెసాదమేటి?" అని అడగడం ముందుబెంచీ దాకా వినపడింది. పాటలు పాడే ఆడగుంటలు నోట్లో చున్నీలు కుక్కుకున్నారు. మా పాస్టరు గారు మంచివారు, ఏటీ తొందరపడి అనరు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ ఆకలి నీకు తెలుసు" అని మొదలెట్టారు.

ఆడాళ్ల వరసలో మా అమ్మ లేచి నిలబడిపోయింది. మా అమ్మ దానమ్మకి ఎనభై ఒకటి. ఆవిడ లేస్తే ప్రార్థన కూడా ఆగుతాది.

"ఒరే సీమోనూ! గుంటకి ఇంట్లో తిండి పెట్టడం లేదేటిరా?"

గ్లోరీ తల వంచుకుని ఉంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందని అందరూ జాలిపడ్డారు. నవ్వు ఆపుకోలేక చస్తోందని నాకు తెలుసు.

లేచి సర్దిచెప్పాను. అయ్యా, ఇది ఫిజిక్స్, కృష్ణ అంటే నలుపు, అదేదో తినేది కాదు. "మరయితే నల్ల పదార్థం అని రాయొచ్చు కదా తమ్ముడూ" అన్నారు ఎజ్రా గారు. నల్ల పదార్థం అంటే మినపసున్ని అనుకుంటారని నేను చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం

అమ్మ అన్నం ముట్టనంది. అదేటో నాకు తెలిసేలా చెప్తేనే తింటానంది. చర్చిలో పరువు పోయింది ఆవిడదట. పోయింది నాదని ఎవరికీ అనిపించలేదు.

సరే, ఆవిడ మంచం పక్కన కూకుని చెప్పాను. అబద్ధమని నేననుకునేదాన్ని నిజంలా చెప్పాల్సొచ్చింది. ఏం చేస్తాం, పాఠం పాఠమే.

"అమ్మా, నక్షత్రాలన్నీ పెద్ద పెద్ద గుంపులు. ఒక్కో గుంపూ గుండ్రంగా తిరుగుతుంటాది. మధ్యలో బరువు పట్టి లాగుతాది కాబట్టి తిరుగుతాది. అంచున ఉన్నవి నెమ్మదిగా తిరగాలి. కానీ అవి కూడా బేగే తిరుగుతున్నాయి. అంత బేగి తిరిగితే ఎగిరి అవతల పడాలి. పడలేదు. కనపడే నక్షత్రాల బరువంతా కూడినా అంత లాగుడికి చాలదు. అందుకని కనపడని బరువు ఇంకేటో ఉందంటారు. దానికే ఆ పేరు."

మా అమ్మ గోగునార గోదాంలో ఇరవై ఏళ్లు కట్టలు మోసింది. ఊళ్లమ్మట కొన్న నార అక్కడికొచ్చి, అక్కణ్ణుంచి జూట్ మిల్లుకి ఎళ్లీది.

"ఇంతేనేటి?" అంది. "నారకట్టలో నీల్లు."

"ఏటి?"

"తడిపిన నార తెచ్చి పైన ఎండుది సుట్టీసీవోరురా కొందరు దొంగసచ్చినోళ్లు. కంటితో సూత్తే ఎండుగానే ఉంటాది. నెత్తికెత్తితే మెడ సెప్పీసీది, ఇందల నార కానిదేటో ఉన్నాదని. కన్నుకి తెల్దు. మెడకి తెలుస్తాది."

ముప్పై ఒక్క ఏళ్లు నేను చెప్పిన పాఠాల్లో ఇంత తిన్నని వాక్యం ఒక్కటీ లేదు. కానీ ఊరుకుంటే నేను సీమోనునా?

"అమ్మా, నారకట్ట పిండితే నీళ్లు కారతాయి. కళ్లతో చూస్తాం. వీళ్లు ఇన్నేళ్లబట్టీ ఒక్క చుక్క పిండి చూపించారా? అదీ నేనడిగేది!"

అమ్మ నన్ను చూసిన చూపు నా చిన్నప్పటిది. ఎక్కాలు తప్పు చెప్తే చూసీది అలాగ.

"మరి గుంట ఎల్తానంటన్నది పిండడానికి కాదేటిరా?"

గుమ్మంలో కాంతం. దాని వెనక గ్లోరీ. ఎవరైనా ఏదైనా అని ఉంటే నేను అరిచీవాణ్ణి, తేలికయిపోయీది. చెప్పులేసుకుని రైల్వేగేటు దాకా నడిచొచ్చాను. గేటు వేసి లేదు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

అమ్మ అన్నం తినీసింది. రెండుసార్లు వడ్డించుకుందట.

8-7-2025, మంగళవారం

మా అమ్మ మూడో తరగతి. చదువంటే అదీ.

11-7-2025, శుక్రవారం

పేజీ. మొదటి వాక్యం: "కృష్ణ పదార్థం ఉన్నదనుటకు ప్రత్యక్ష సాక్ష్యము లేదు." నిజమే. రెండో వాక్యం: "కావున అది లేదు." కొట్టీసాను. ఇలా రాసిన కుర్రాడికి నేనే సున్నా వేస్తాను.

ఇంకోలా మొదలెట్టాను. న్యూట్రినో గుర్తొచ్చింది. లెక్కలో శక్తి తక్కువొస్తే, కనపడని రేణువొకటి పట్టుకుపోతోందన్నారు. ఆ చెప్పినవాళ్లకే నమ్మకం లేదు. పాతికేళ్ల తరవాత దొరికింది. ఏటేటా ఆ పాఠం నేనే చెప్తాను, ఆ చోటికొచ్చేసరికి గొంతు పెంచి మరీ చెప్తాను.

కొట్టీసాను. చుట్టుకుపోయిన ఏడు కొలతల మీద, ఇంకో విశ్వాల మీద అయితే ఎన్ని పేజీలైనా రాయగలను, ఇప్పుడు కూడా. అవి కథలేనని నా నమ్మకం. కానీ గ్లోరీ వెళ్తానన్నది వాటికోసం కాదు. నాకిష్టమైన దెయ్యాన్ని కొట్టి ఇంకోదాన్ని కొట్టాననుకుంటే ఎలాగ?

14-7-2025, సోమవారం

ఇంకో వారమే ఉంది. సాయంత్రం డాబా మీద గ్లోరీ బట్టలు తీస్తుంటే వెళ్లాను.

"ఆరేళ్లు ఆ కన్నంలో కూకుని ఏటీ దొరక్కపోతే ఏటే నీ గతి?"

"దొరకలేదని రాస్తాను నాన్నా."

"అలాగ రాస్తే డాక్టరేట్ ఇస్తారా?"

"ఇస్తారు. ఎంత బరువు రేణువు దాకా వెతికాను, ఎంత సన్నగా వెతికాను, అన్నీ రాస్తాను. ఇక్కడ లేదు అని గీత గీస్తాను. నా తరవాతోళ్లు ఆ గీత అవతల వెతుక్కుంటారు. అక్కడ వచ్చిందే రాయాలి నాన్నా."

తరవాత ఇంకో ముక్క అంది. కింద ఫ్యాను చప్పుడులో వినపడలేదు.

15-7-2025, మంగళవారం

డాబా మీదికి ఫ్యాను చప్పుడు రాదు. పైగా నిన్న సాయంత్రం కరెంటే లేదు. వినపడింది.

"అది నీ ల్యాబ్ కాదు కదా" అంది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇన్ని రోజులబట్టీ ఈ డైరీలో కూడా రాయలేదు. గ్లోరీ ఇంటర్ రెండో ఏడు నా కాలేజీలోనే, నా ల్యాబ్‌లోనే. లఘులోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, ఊగడానికెంత సేపు పట్టిందో కొలిచి, దాంట్లోంచి గురుత్వ త్వరణం లెక్కగట్టాలి. 980 రావాలి. దానికి 942 వచ్చింది. "మళ్లీ చేసావా?" అన్నాను. "మూడుసార్లు చేసాను, అంతే వస్తోంది" అంది. ఎగ్జామినర్ తిడతాడు, 978 రాయి అన్నాను. వచ్చింది ఇది కదా నాన్నా అంది. కాలేజీలో నాన్నా అనకు అన్నాను. దాని చేతిలోంచి పెన్ను తీసుకుని 942 కొట్టీసి నా చేత్తోనే 978 వేసాను. ముప్పైకి ముప్పై వచ్చాయి.

దాని ఒక్కదానికే కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ అదే చెప్పాను. మా కాలేజీ రికార్డులన్నిట్లోనూ భూమి మహా బుద్ధిమంతురాలు, ఎప్పుడు ఊపినా 978, 979, 981.

ఇయ్యాల మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంటే ఆ లోలకం తీసి చూసాను. దారం యాభై సెంటీమీటర్లు. గుండు నడిమధ్య దాకా కొలవాలి, దారం చివరిదాకా కాదు. పిల్ల కొక్కెం దాకా కొలిచి ఆపీసి ఉంటాది. కొక్కెమూ, సగం గుండూ కలిపి రెండు సెంటీమీటర్లు. ఆ రెండూ కలిపి లెక్కగట్టాను. 942 కాస్తా 980 దగ్గరికొచ్చీసింది.

అంటే పిల్ల అబద్ధం చెప్పలేదు. దాని లెక్కలో కనపడకుండా రెండు సెంటీమీటర్లు ఉన్నాయి. ఆ తేడాయే చెప్తోంది, ఇక్కడ కొలవనిదేదో ఉంది, వెతుక్కోండి అని. ఒక్క పూట నేను పెన్ను లాక్కోకుండా ఉంటే పదిహేడేళ్లకే అది వెతుక్కునీది.

సైన్స్ ఫిక్షన్ ఎవరు రాసారో తెలిసింది. అచ్చు వేయించలేదు గానీ నా రచనలు అలమార నిండా ఉన్నాయి.

సిగ్గేస్తోంది.

17-7-2025, గురువారం

పేజీ రాసాను. రికార్డు పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి, నీలం ఇంకుతో, కొట్టివేతలు లేకుండా.

ఉద్దేశము: కృష్ణ పదార్థము అబద్ధమని నిరూపించుట.

కావలసిన వస్తువులు: ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, ఒక డైరీ, చాలినంత కోపము.

పద్ధతి: ఇరవై ఐదు రోజులు ప్రయత్నించితిని. నాలుగు కాగితములు చింపితిని.

ఫలితము: నిరూపించలేకపోయితిని. నిజమని కూడా చెప్పలేను. నాకు తెలియదు.

దోషములు: ఇంటర్ రెండవ సంవత్సరం లోలకం ప్రయోగంలో విద్యార్థిని రీడింగు 942. దానిని దిద్దినది ఉపాధ్యాయుడు. విద్యార్థిని తప్పు రెండు సెంటీమీటర్లు మాత్రమే.

జాగ్రత్తలు: వేళకి తినుము. వచ్చినదే రాయుము.

వంటింట్లో కాంతం చేపలు తోముతోంది. గ్లోరీ గట్టు మీద కూకుని చింతపండు పిసుకుతోంది. చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది. చదివింది. "దోషములు" దగ్గర ఆగింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. నేను కూర గిన్నె మీద మూత సరిగ్గా ఉందో లేదో చూస్తూ నిలబడ్డాను.

"నాన్నా" అంది. "తేదీ వెయ్యలేదు. తేదీ లేని రికార్డు నువ్వయితే మొహాన కొట్టీవాడివి."

పెన్ను ఇచ్చింది. చింతపండు అంటుకుని జిగటగా ఉంది. తేదీ వేసాను. కాగితం తన సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంది, జార్ఖండ్ కాగితం మీద. ఎల్లుండి రైలు.

తరవాత కొబ్బరిచెట్టు పక్కన కుళాయి దగ్గర మొహం కడుక్కోడానికి వెళ్లాను. ఏడుపొచ్చింది. వచ్చింది గనక రాస్తన్నాను.